యూదు మహిళల వారం వారం తోరా చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను యూదురాలిని కాను. మాది గుంటూరు. ఇప్పుడు ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌ని ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్‌లో. సంప్రదాయ యూదు కుటుంబాలు బాగా ఉన్న ఊరు. శుక్రవారం పొద్దు గుంకే వేళకి వీధుల్లో నడిచి వెళ్ళేవాళ్ళు ఎక్కువవుతారు. పక్కింటావిడ ఒకసారి మాటల్లో "మంగళవారం రాత్రి మా ఆడవాళ్ళం కూర్చుని చదువుకుంటాం, ఖాళీ ఉంటే రండి" అంది. ఎలా ఉంటుందో చూసొద్దామని వెళ్ళాను, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. ఊళ్ళో అమ్మ దగ్గర్నుంచి ఇక్కడి స్నేహితుల దాకా అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకచోట రాసిపెడితే మళ్ళీ మళ్ళీ చెప్పే పని తప్పుతుందని ఈ పేజీ.

తోరా అంటే మన చర్చిల్లో చదివే బైబిలేనా?

తెలుగు బైబిలు తెరిస్తే మొదట వచ్చే ఐదు పుస్తకాలు: ఆదికాండం, నిర్గమకాండం, లేవీయకాండం, సంఖ్యాకాండం, ద్వితీయోపదేశకాండం. ఈ ఐదే తోరా. క్రైస్తవులు పాత నిబంధన అనే మాటని యూదులు వాడరు. కొత్తది ఉందనుకుంటేనే కదా పాతది అనేది!

పాఠం ఒకటే అయినా చదివే పద్ధతి వేరు. యూదుల పుస్తకంలో మూలం పేజీకి నడుమ నాలుగు లైన్లు ఉంటే, చుట్టూ వ్యాఖ్యానాలు కమ్ముకుని ఉంటాయి. మన కావ్యాలకి టీకా తాత్పర్యాలున్నట్టు అనుకోండి. కాకపోతే ఇక్కడ వ్యాఖ్యాతలు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళలో పెద్దాయన రాషి, 11వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ట్రువా ఊరివాడు. ఆయనకి కొడుకులు లేరు, అందరూ కూతుళ్ళే. ఆ సంగతి మేం చదువుకునే బల్ల దగ్గర కనీసం నెలకోసారైనా ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

వారం వారం అంటే ఏ వారం ఏది చదవాలో ఎవరు చెప్తారు?

ఎవరూ చెప్పక్కర్లేదు, క్యాలెండరే చెప్తుంది. ఐదు పుస్తకాల్నీ 54 భాగాలు చేశారు. ఒక్కో భాగం పేరు పర్షా. శనివారం పొద్దున సినగాగులో, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరంలో, ఆ వారం పర్షాని చర్మపత్రపు చుట్ట విప్పి రాగంతో చదువుతారు. సోమ, గురువారాల్లో కూడా అందులో మొదటి కొంత చదువుతారు. పూర్వం అవి సంత రోజులు, పల్లెల నుంచి జనం వచ్చేవాళ్ళు కాబట్టి. శరదృతువులో సింహత్ తోరా పండగనాడు చివరి భాగం అయిపోతుంది. అక్కడే, ఆ పూటే, మళ్ళీ "ఆదియందు" అని మొదటినుంచి అందుకుంటారు.

మామూలు సంవత్సరంలో 54 వారాలు దొరకవు కదా అంటే, కొన్ని వారాలు రెండేసి పర్షాలు కలిపేస్తారు. అధిక మాసం వచ్చిన ఏడాది విడదీస్తారు. అవును, వాళ్ళకీ అధిక మాసం ఉంది. 19 ఏళ్ళలో ఏడు. మన పంచాంగం లెక్కా దాదాపు అంతే. మనకి ఏ నెలకైనా అధికం రావచ్చు, వాళ్ళకి ఎప్పుడూ అదార్ నెలకే. ఈ మాట చెప్తే మా అమ్మకి ఆ మతం మీద ఒక్కసారిగా గౌరవం పెరిగిపోయింది.

కార్తీక మాసంలో మన ఇళ్ళల్లో రోజుకో అధ్యాయం కార్తీక పురాణం చదువుకుంటాం చూడండి, ఇదీ అలాంటిదే, కానీ ఏడాది పొడవునా. పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఈ చదువుకి ఫలశ్రుతి వినిపించరు. విని దణ్ణం పెట్టుకుంటే చాలదు, ప్రశ్న వేయాలి.

అక్కడ నిజంగా ఏం చేస్తారు? భజనలా ఉంటుందా?

భజన కాదు, ప్రార్థన కూడా కాదు. భోజనాల బల్ల చుట్టూ ఏడెనిమిది మంది. ఒకావిడ నర్సు, డ్యూటీ నుంచి ఆ బట్టల్తోనే వస్తుంది. ఒక అమ్మమ్మ, కాలేజీకి వెళ్ళే మనవరాలు. మధ్యలో ఎవరికో ఫోన్ వస్తుంది, పిల్లాడు హోంవర్క్ చేయనంటున్నాడని. పిల్లాణ్ణి నాలుగు మందలించి మళ్ళీ తోరా కథల్లో నాయకుడు మోషే దగ్గరికి వస్తారు. ఒకళ్ళు హీబ్రూలో ఒక వాక్యం చదువుతారు, ఇంకొకళ్ళు ఇంగ్లిష్‌లో. అప్పుడు మొదలవుతుంది: ఈ మాట ఇక్కడ రెండుసార్లు ఎందుకుంది? ఈవిడ పేరు ఎందుకు చెప్పలేదు? ఇదే మాట పైన ఒకలా ఉంటే కింద ఇంకోలా ఎందుకుంది?

చుట్టలో రాత అచ్చులు లేకుండా ఉంటుంది. మనం గుణింతాలు తీసేసి "క ల మ" అని రాసుకున్నామనుకోండి, అది కలమో, కాలమో, కులమో చదివేవాళ్ళే తేల్చుకోవాలి. హీబ్రూలో మూడు అక్షరాలు ఒకలా పలికితే హలావ్, పాలు. ఇంకోలా పలికితే హేలెవ్, కొవ్వు. "మేకపిల్లని దాని తల్లి పాలలో ఉడికించవద్దు" అన్న ఒక్క వాక్యం మీద యూదుల వంటిల్లు మొత్తం పాలకి వేరు గిన్నెలు, మాంసానికి వేరు గిన్నెలుగా చీలిపోయింది. ఆ పలుకుబడిని తరతరాలు నోటితో కాపాడుకుంటూ వచ్చాయి. నేను వేదం స్వరం సంగతి చెప్తే వాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు.

ఇద్దరిద్దరు జోడీ కట్టి చదవడం కూడా ఉంది. దాన్ని హవ్రూతా అంటారు. జోడీలో ఒకళ్ళు చెప్పిందానికి రెండోవాళ్ళు తలూపితే పని జరగనట్టే లెక్క.

ఆడవాళ్ళు తోరా చదవకూడదని వాళ్ళల్లో లేదా?

ఉంది. దాచుకునే సంగతేం కాదు, వాళ్ళే ముందు చెప్తారు. తల్ముదులో, అంటే పూర్వపు పండితుల వాదప్రతివాదాల గ్రంథంలో, ఒకే పేజీలో రెండు మాటలుంటాయి. బెన్ అజ్జాయ్ అనే పండితుడు కూతురికి తోరా నేర్పడం తండ్రి బాధ్యత అంటాడు. ఆ వెంటనే రబ్బీ (అంటే మతగురువు) ఎలియెజెర్, కూతురికి తోరా నేర్పేవాడు ఆమెకి చెడు నేర్పినట్టే అంటాడు. శతాబ్దాల పాటు రెండో మాటే నెగ్గింది. ద్వితీయోపదేశకాండంలో "మీ పిల్లలకు నేర్పండి" అన్నచోట హీబ్రూ మాట కొడుకులనే అర్థం కూడా ఇస్తుంది. కొడుకులంటే కొడుకులే, కూతుళ్ళు కాదు అని తేల్చేశారు. ఒక్క బహువచనం కోట్ల మందిని బయట నిలబెట్టింది. వ్యాకరణాన్ని అందుకే తేలిగ్గా తీసుకోకూడదు.

అదే తల్ముదులో బెరూరియా ఉంది. రబ్బీ మెయిర్ భార్య. ఒక్క రోజులో మూడు వందల మంది గురువుల దగ్గర మూడు వందల విషయాలు నేర్చుకుందని ఆమెకి పేరు. మన గార్గి లాంటిది: ఒక్క పేరు అందరికీ తెలుసు, ఆమె తర్వాత వరసలో ఎవరంటే జవాబుండదు. ఇంకా వెనక్కి వెళ్తే, నెహెమ్యా గ్రంథంలో ఎజ్రా జనం మధ్య నిలబడి ధర్మశాస్త్రం చదివినప్పుడు వింటున్నవాళ్ళలో "పురుషులు, స్త్రీలు" అని స్పష్టంగా రాసి ఉంది.

మగవాళ్ళు హీబ్రూ చదువుతుంటే తూర్పు యూరప్ ఆడవాళ్ళు ఊరుకోలేదు. 17వ శతాబ్దం మొదటికల్లా వాళ్ళ ఇంటి భాష యిద్దిష్‌లో వారం వారం పర్షాని కథలతో కలిపి చెప్పే పుస్తకం వచ్చేసింది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లి చదవడం, కూతుళ్ళు వినడం. "ఆడవాళ్ళ పుస్తకం" అని తేలిగ్గా తీసేసినా మూడు వందల ఏళ్ళకి పైగా అచ్చవుతూనే వచ్చింది. హీబ్రూ రాని మగవాళ్ళూ చాటుగా చదువుకున్నారు.

మరి ఎప్పుడు మారింది? ఎవరు మార్చారు?

ఒక దర్జీ ఆవిడ. పేరు సారా షెనిరర్, పోలండ్‌లోని క్రాకోవ్ ఊరు, 1883లో పుట్టింది. అప్పటి పరిస్థితి విచిత్రంగా ఉండేది. మగపిల్లలు హెదెర్‌కి, అంటే తోరా బడికి వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లల్ని మాత్రం ప్రభుత్వ చట్టం ప్రకారం పోలిష్ బడులకి పంపేవాళ్ళు. ఆ పిల్లలు సాహిత్యం చదివారు, ఫ్రెంచి మాట్లాడారు. ఇంట్లో ధర్మం గురించి మాత్రం "అమ్మమ్మని అడుగు" అనే జవాబు తప్ప ఏమీ దొరకలేదు. కొలతలిచ్చి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే అమ్మాయిల్ని చూస్తూ, వీళ్ళ లోపలికి తొడగడానికి ఎవరూ ఏమీ కుట్టడం లేదే అనుకుందట ఆవిడ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వియన్నాకి వెళ్ళి తలదాచుకున్నప్పుడు అక్కడ ఒక రబ్బీ ప్రసంగం విని, తిరిగొచ్చాక 1917లో 25 మంది పిల్లలతో బడి పెట్టింది. అదే బెయిస్ యాకోవ్.

పెద్దలు ఒప్పుకున్నారా అంటే, హఫెత్స్ హయీమ్ అని పేరుపడ్డ మహా పండితుడు రబ్బీ యిస్రాయెల్ మెయిర్ కాగన్ మద్దతిచ్చాడు. ఆయన వాదన చాలా లౌకికమైనది: పూర్వం ఆడపిల్ల ఇంట్లో చూసి నేర్చుకునేది, ఇప్పుడు బయటి చదువులన్నీ చదువుతోంది, ఇది ఒక్కటే నేర్పకపోతే ఎలా? నిషేధం తప్పని ఆయన అనలేదు, కాలం మారిందన్నాడు. మా బల్ల దగ్గర కాలేజీ పిల్లకి ఈ వాదన ససేమిరా నచ్చదు. "వేరే దారి లేక మాకు చదువిచ్చారన్నమాట" అంటుంది. నాకు మాత్రం ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మ మాట నచ్చింది: "తలుపు తీశారు కదా, ఎందుకు తీశారో లోపలికొచ్చాక అడుగుదాం." షెనిరర్ 1935లో పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకి యుద్ధం, నాజీలు. యూరప్‌లో ఆ బడులన్నీ, పిల్లలతో సహా, నాశనమయ్యాయి. మిగిలినవాళ్ళు అమెరికాలో, ఇజ్రాయెల్‌లో మళ్ళీ కట్టుకున్నారు.

రెండో పేరు నెహమా లీబోవిట్జ్. 1905లో రీగాలో పుట్టి, జర్మనీలో చదువుకుని, 1930లో యెరూషలేము చేరింది. కొన్ని నెలలు తన దగ్గర చదువుకుని పల్లెలకి తిరిగి వెళ్ళిపోతున్న కిబుత్స్ (ఉమ్మడి వ్యవసాయ పల్లె) ఆడవాళ్ళు, మా చదువు ఇక్కడితో ఆగిపోవాలా అని అడిగారు. 1942లో ఆవిడ వాళ్ళకోసం వారం పర్షా మీద ప్రశ్నల కాగితం తయారుచేసి పోస్టులో పంపింది. జవాబులు రాసి పంపితే ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపేది. సైనికులు, గృహిణులు, లాయర్లు, ఎవరడిగితే వాళ్ళకి. దాదాపు 30 ఏళ్ళు. కష్టమైన ప్రశ్న పక్కన ఒక ఇంటూ మార్కు, ఇంకా కష్టమైనదైతే రెండు. ఆవిడ అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది: "ఇక్కడ రాషికి ఏం అడ్డొచ్చింది?" అంటే వ్యాఖ్యాత ఏం చెప్పాడన్నది తర్వాత, వాక్యంలో ఏ ముల్లు గుచ్చుకుని అతను నోరు తెరిచాడో ముందు పట్టుకోమని. 1956లో ఆవిడకి ఇజ్రాయెల్ ప్రైజ్ ఇచ్చారు. 1997లో పోయింది. సమాధి రాయి మీద పేరు పక్కన ఒక్క మాటే రాయమంది: టీచరు.

ఆడవాళ్ళు సినగాగులో తోరా చదువుతారా? రబ్బీలు అవుతారా?

ఏ శాఖ అన్నదాన్ని బట్టి. రిఫార్మ్, కన్సర్వేటివ్ శాఖల్లో అవుతారు, చదువుతారు. సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్‌లో మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసిన సభలో సాధారణంగా చదవరు. దీనికీ తల్ముదులో ఒక వాక్యం ఉంది: శనివారం చదివే ఏడుగురిలో స్త్రీ కూడా ఒకరు కావచ్చు, కానీ సభ గౌరవం దృష్ట్యా చదవకూడదని పెద్దలన్నారు. ఈ వాక్యంలో మొదటి సగాన్ని పట్టుకున్నవాళ్ళు ఒకవైపు, రెండో సగాన్ని పట్టుకున్నవాళ్ళు ఇంకోవైపు.

మొదటి మహిళా రబ్బీ బెర్లిన్‌కి చెందిన రెగీనా యోనాస్, 1935లో. ఆమె 1944లో ఆష్విట్జ్‌లో హత్యకు గురైంది. అమెరికాలో ఒక సెమినరీ (రబ్బీల కళాశాల) నుంచి మొదట పట్టా పొందింది శాలీ ప్రీసాండ్, 1972లో. నేను వెళ్ళే బల్ల ఆర్థడాక్స్‌వాళ్ళది. అక్కడ రబ్బీ అవ్వాలని ఎవరూ అనుకోవడం లేదు. కానీ హీబ్రూ వ్యాకరణంలో ఒకావిడ పట్టు చూస్తే ఏ రబ్బీకైనా చెమటలు పడతాయి.

మూడు వేల ఏళ్ళనాటి ఎడారి కథలు ఇవాళ ఎవరికి పనికొస్తాయి?

ఆస్తి తగాదా ఉన్న ఏ ఇంటికైనా పనికొస్తాయి.

జులై ప్రాంతంలో వచ్చే పర్షాలో సెలోపెహాదు కూతుళ్ళ కథ ఉంటుంది. ఐదుగురు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి ఎడారిలో చనిపోయాడు, కొడుకులు లేరు. దేశాన్ని పంచే లెక్కలు రాస్తున్నారు. వీళ్ళు నేరుగా దేవుడి గుడారం గుమ్మం దగ్గరికొచ్చి మోషే, యాజకుడు (పూజారి), పెద్దలు, జనం అందరి ముందూ నిలబడి అడిగారు: కొడుకు లేడని మా నాన్న పేరెందుకు పోవాలి? ఆయన అన్నదమ్ములతో పాటు మాకూ వాటా ఇవ్వండి. మోషేకి జవాబు తెలియలేదు. దేవుణ్ణి అడిగాడు. "వాళ్ళు చెప్పింది సరైనదే" అని జవాబు వచ్చింది.

ఆ రాత్రి మేం ఈ కథలో మూడు చోట్ల ఆగాం. మొదటిది, "మోషే వారి వ్యాజ్యాన్ని దేవుని ముందుకు తెచ్చాడు" అన్నచోట "వారి" అన్న అర్థమిచ్చే చివరి అక్షరం, స్త్రీలింగం తెలిపే అక్షరం, చుట్టలో మామూలు కంటే పెద్దగా రాస్తారు. పక్కింటావిడ ఫొటో చూపించింది. వరసలో చిన్నపిల్లల మధ్య నిలబడ్డ పొడుగుమనిషిలా ఉంది ఆ నూన్ అక్షరం. రెండోది, రాషి రాసిన మాట: మోషే కన్ను చూడనిది ఆ ఆడపిల్లల కన్ను చూసింది. మూడోది, ఐదుగురి పేర్లు ఇక్కడ ఒక వరసలో ఉంటే తొమ్మిది అధ్యాయాల తర్వాత ఇంకో వరసలో ఉన్నాయి. ఎందుకు? అందరూ సమానమే కాబట్టి, అంటాడు రాషి.

అయితే కథ అంత తీయగా ముగియదు. ఆ తొమ్మిది అధ్యాయాల తర్వాత వంశం పెద్దలు వచ్చి, వీళ్ళు బయటి గోత్రంలో పెళ్ళి చేసుకుంటే భూమి వాళ్ళకి పోతుంది కదా అంటారు. సరే, సొంత గోత్రంలోనే చేసుకోండి అని షరతు వస్తుంది. ఐదుగురూ పినతండ్రుల కొడుకుల్నే చేసుకున్నారు.

అప్పుడు నేను నోరు విప్పాను. మా ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు, దేశమంతటికీ అది వచ్చింది 2005లో అన్నాను. బల్ల చుట్టూ మెచ్చుకోలు. ఆ 1985 చట్టంలోనూ ఒక మెలిక ఉంది, అప్పటికే పెళ్ళైపోయిన కూతుళ్ళకి వర్తించదు అన్నాను. అందరూ ఒక్కసారి పుస్తకాల్లోకి చూశారు, మళ్ళీ నా వైపు చూశారు. నర్సావిడ అంది: "అక్కడా పెళ్ళేనా అడ్డం!" మా పెద్దమ్మ సంతకం పెట్టడానికి రిజిస్ట్రాఫీసుకి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. పసుపు కుంకుమల కింద ఒక చీర ఇచ్చారు ఆమెకి.

ఆడవాళ్ళని కించపరిచే భాగాలు వస్తే దాటేస్తారా?

దాటడానికి వీల్లేదు. నాకు ఈ చదువులో అన్నిటికంటే గట్టిగా తగిలింది ఇదే. నచ్చిన కథ ఎంచుకుని చెప్పుకునే సత్సంగం కాదు. ఆ వారం ఏది వస్తే అది. వచ్చే ఏడాదీ అదే వారం మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది.

వసంతంలో వచ్చే తజ్రియా పర్షా సంగతి చూడండి. లేవీయకాండం 12వ అధ్యాయం. మగపిల్లాడు పుడితే తల్లికి ఏడు రోజులు, ఆపైన 33 రోజులు మైల. ఆడపిల్ల పుడితే 14 రోజులు, ఆపైన 66. అంటే 40, 80. పురిటి మైల నాకు కొత్త కాదు కాబట్టి మొదటి సగం వినగానే ఇంట్లో ఉన్నట్టే ఉంది. రెండో సగం వినగానే ఒళ్ళు మండింది. బల్ల చుట్టూ అందరి మొహాలూ అలాగే ఉన్నాయి. చిన్నప్పటినుంచి ఏటా వింటున్నవాళ్ళకి కూడా.

వ్యాఖ్యానాలు బోలెడు. ఒకటి మాత్రం మర్చిపోలేను. ప్రసవించిన స్త్రీ బలి ఎందుకు ఇవ్వాలి, ఆమె ఏం పాపం చేసింది అని రబ్బీ షిమోన్‌ని శిష్యులు అడిగారు. ఆయన జవాబు: పురిటి నొప్పులు పడుతూ, ఇక జన్మలో మొగుడి దగ్గరికి పోనని ఒట్టు పెట్టుకుంటుంది, ఆ ఒట్టు తీయడానికి. ఇక్కడ అమ్మమ్మ పగలబడి నవ్వింది. ఆమెకి ఐదుగురు పిల్లలు. తర్వాత రబ్బీ అంటాడు: మగపిల్లాడైతే అందరూ సంతోషిస్తారు కాబట్టి ఏడు రోజుల్లో ఆ ఒట్టుకి పశ్చాత్తాపపడుతుంది. ఆడపిల్లైతే అందరూ దిగులుపడతారు కాబట్టి 14 రోజులు పడుతుంది.

నవ్వు ఆగిపోయింది. నర్సావిడ పనిచేసేది ప్రసూతి వార్డులో. "ఇందులో తల్లి దిగులుపడిందని లేదు. అందరూ దిగులుపడ్డారని ఉంది. ఆ అందరి మొహాలూ చూసి చూసి ఈమె తేరుకోవడానికి రెట్టింపు రోజులు పట్టింది" అంది. రబ్బీ షిమోన్ ఈ ఉద్దేశంతో అన్నాడో లేదో. మా చెల్లెలికి రెండో ఆడపిల్ల పుట్టిన రోజు ఆస్పత్రి వరండాలో మా వాళ్ళ మొహాలు మాత్రం నాకు కనిపించాయి. ఆ అంకెలు న్యాయమని బల్ల దగ్గర ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ లేచి వెళ్ళిపోనూ లేదు.

ఇన్నింటిలో మీకు బాగా నచ్చింది?

అద్దాలు. నిర్గమకాండం 38వ అధ్యాయంలో ఒక్క వాక్యం: గుడారం గుమ్మం దగ్గర సేవ చేసే స్త్రీల అద్దాలతో ఇత్తడి గంగాళం చేశారని. అప్పటి అద్దాలు మెరుగుపెట్టిన లోహపు రేకులు. అంతే, కథ ముందుకెళ్ళిపోతుంది. రాషి మాత్రం ఆగి పాత కథ ఒకటి చెప్తాడు. ఆడవాళ్ళు ఆ అద్దాలు తెచ్చిస్తే మోషే వద్దన్నాడట, సింగారానికి వాడేవి పవిత్రమైన చోటుకి ఎందుకని. దేవుడన్నాడట: పుచ్చుకో, నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. ఐగుప్తులో (ఈజిప్టులో) మొగుళ్ళు వెట్టిచాకిరీకి నలిగిపోయి పడి ఉంటే, ఈ ఆడవాళ్ళు అన్నం నీళ్ళు పట్టుకెళ్ళి తినిపించి, అద్దం తీసి ఇద్దరి మొహాలూ పక్కపక్కన చూపించి "నీకంటే నేనే అందంగా ఉన్నాను చూడు" అని సరసమాడేవాళ్ళట. ఆ జాతి అలా నిలబడింది.

మోషే ఏమీ అనకూడని మనిషని మనం అనుకుంటాం. వెయ్యేళ్ళ కిందటి పండితుడు అతన్ని ఒక అద్దం విషయంలో తప్పుబట్టాడు. ఆ గంగాళంలో కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా యాజకుడు లోపలికి అడుగు పెట్టకూడదు మరి.

ఫోన్, వాట్సాప్, ఆఫీసు టెన్షన్... వీటి గురించి తోరాలో ఏముంటుంది?

వాట్సాప్ గురించి చాలా ఉంది. పేరే వేరు: లషోన్ హరా, అంటే చెడు నాలుక. అబద్ధం చెప్పడం కాదు, ఒకరి గురించి నిజమైనా సరే చెడుగా చెప్పడం. చెప్పినవాణ్ణి, విన్నవాణ్ణి, ఎవరి గురించి చెప్పారో వాళ్ళని, ముగ్గుర్నీ చంపుతుందని తల్ముదు మాట. ఇందాకటి హఫెత్స్ హయీమ్ దీనిమీదే 1873లో పెద్ద గ్రంథం రాశాడు. ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు, పెళ్ళి సంబంధం గురించి అడిగితే ఎంతవరకు చెప్పాలి, అన్నీ.

మోషే అక్క మిర్యాము అతని భార్య గురించి ఇంకో తమ్ముడు అహరోనుతో మాట్లాడి, చర్మవ్యాధితో ఒళ్ళంతా తెల్లబడి ఏడు రోజులు శిబిరం బయట ఉండటం ఈ సందర్భంలోనే చదువుతారు. మాట్లాడింది ఇద్దరు, శిక్ష ఒక్కదానికేనా అని ప్రతి ఏడాదీ అడుగుతారట. ముందు మొదలుపెట్టింది ఆమె కాబట్టి అని ఒక జవాబు. కాదు, అహరోనుకీ సోకింది అని రబ్బీ అకీవా. ఆమె తిరిగొచ్చేదాకా జనమంతా కదలకుండా ఆగిన సంగతి కూడా మర్చిపోకండి అని మూడో జవాబు. ఆ వారం నేను మా అపార్ట్‌మెంట్ తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో ఒక మెసేజ్ టైప్ చేసి చెరిపేశాను. ఒక్కటే.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించేదాకా ఫోన్ ముట్టరు. 39 రకాల పనులు నిషేధం: విత్తడం, కోయడం, పిండి కలపడం, నేయడం, రాయడం, చెరపడం, నిప్పు రాజేయడం. వంట ముందే అయిపోవాలి కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటి ఇల్లాలికి ఉండే టెన్షన్ మన పండగ పూట టెన్షన్‌కి ఏం తీసిపోదు. విశ్రాంతి దినం ఎవరికి విశ్రాంతి అన్న ప్రశ్న కూడా ఆ బల్ల మీదకి వచ్చింది. ఆ వారం చర్చ తెగలేదు.

చదివి ఊరుకుంటారా, దానివల్ల ఏమైనా మారిందా?

మారింది. నెలసరి, దాంపత్య నియమాల గురించి ఇదివరకు ఏ సందేహం వచ్చినా మగ రబ్బీని అడగాలి. చాలామంది సిగ్గుతో అడిగేవాళ్ళే కాదు. యెరూషలేములో నిష్మత్ అనే సంస్థ ఆడవాళ్ళకే ఆ శాస్త్రంలో లోతైన శిక్షణ ఇచ్చి 1999 నుంచి సలహాదారులుగా పంపుతోంది. ఇప్పుడు ఆడవాళ్ళు ఆడవాళ్ళకే ఫోన్ చేసి అడుగుతారు.

రెండోది విడాకులు. యూదు ధర్మంలో విడాకుల పత్రం భర్తే, తన ఇష్టంతో, ఇవ్వాలి. ఇవ్వనని మొండికేస్తే భార్య ఏళ్ళ తరబడి ఎటూ కాకుండా ఉండిపోతుంది. ఆమెని అగునా, అంటే సంకెళ్ళు పడ్డది అంటారు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చదివే వారం బల్ల దగ్గర గొంతులు పెరుగుతాయి. ఇజ్రాయెల్‌లో ఆడవాళ్ళు ధర్మశాస్త్రం చదివి మత న్యాయస్థానాల్లో వకాల్తా పుచ్చుకుంటున్నారు. 1995లో అక్కడ వచ్చిన చట్టంతో అలాంటి భర్తల డ్రైవింగ్ లైసెన్సులు, పాస్‌పోర్టులు ఆపడం నుంచి జైల్లో పెట్టడం దాకా వీలైంది. సమస్య మాత్రం పూర్తిగా తీరలేదు.

2020 జనవరిలో యెరూషలేములో వేల మంది ఆడవాళ్ళు ఒక హాల్లో చేరి, రోజుకో పేజీ చొప్పున ఏడున్నర ఏళ్ళు చదివి తల్ముదు మొత్తం ముగించిన పండగ చేసుకున్నారు. 2,711 పేజీలు. రబ్బీ ఎలియెజెర్ ఉండి చూడాల్సింది!

అందరూ విగ్గులు పెట్టుకుంటారా?

పెళ్ళైన ఆర్థడాక్స్ ఆడవాళ్ళు జుట్టు కప్పుకుంటారు. కొందరు విగ్గు, కొందరు స్కార్ఫు, కొందరు టోపీ. దయచేసి మొదటి రోజే అడగకండి.

మన దేశంలో యూదు ఆడవాళ్ళు ఇలా చదివేవాళ్ళా?

వాళ్ళ దారి పాట. కొచ్చి యూదు స్త్రీలు తోరా కథల్ని మలయాళం పాటలుగా కట్టి, నోటుపుస్తకాల్లో చేత్తో రాసుకుని, పెళ్ళిళ్ళలో పండగల్లో పాడేవాళ్ళు. 1950లలో చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయినప్పుడు ఆ నోటుపుస్తకాలు కూడా వెళ్ళాయి. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ వాళ్ళు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం గానుగ ఆపేసేవాళ్ళు కాబట్టి చుట్టుపక్కల వాళ్ళు "శనివారపు తేలీలు" అని పేరు పెట్టారు.

మా అమ్మ అడిగింది వేరే: "చేబ్రోలు పక్కన కూడా ఉన్నారటగా?" ఉన్నారు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే చిన్న తెలుగు సమూహం ఉంది. 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు, సినగాగు కూడా ఉంది. నేను పుట్టిన ఊరికి అంత దగ్గర్లో శనివారం విశ్రాంతి పాటించేవాళ్ళున్నారని తెలుసుకోవడానికి నేను న్యూజెర్సీ దాకా రావాల్సొచ్చింది.

మిమ్మల్ని మతం మార్చడానికి చూడటం లేదు కదా?

లేదు. యూదులు మతంలోకి రమ్మని పిలవరు. ఎవరైనా వస్తామన్నా వెనక్కి పంపడమే వాళ్ళ ఆనవాయితీ. నేను రెండు వారాలు వెళ్ళకపోతే ఒంట్లో బాగుందా అని మెసేజ్ వస్తుంది, అంతే.

మొదలుపెట్టాలంటే ఏ వారం మంచిది? ఏం తీసుకెళ్ళాలి?

సింహత్ తోరా తర్వాత ఆదికాండంతో మొదలుపెడితే బాగుంటుందని అందరూ అంటారు. నేను వెళ్ళిన మొదటి వారం లేవీయకాండం 14వ అధ్యాయం, ఇంటి గోడకి బూజులాంటి మచ్చ పడితే ఏం చేయాలని. యాజకుణ్ణి పిలవాలి, ఏడు రోజులు ఇల్లు మూసెయ్యాలి, తగ్గకపోతే రాళ్ళు పీకెయ్యాలి. అప్పుడే మా బేస్‌మెంట్ గోడకి చెమ్మెక్కి, బాగుచేసేవాడు చెప్పిన ధర విని గుండె గుభేలుమని ఉన్నాను. నా అంత శ్రద్ధగా ఆ అధ్యాయం విన్నవాళ్ళు ఆ రాత్రి ఇంకెవరూ లేరు. కాబట్టి ఈ వారం ఏది నడుస్తుంటే దానితోనే మొదలుపెట్టండి. మూలం తెలుగు బైబిల్లో ముందే చదువుకుని వెళ్ళొచ్చు. రాషి కావాలంటే సెఫారియా అనే వెబ్‌సైట్లో ఇంగ్లిష్‌లో ఉచితంగా దొరుకుతుంది.

చేతులూపుకుంటూ వెళ్ళడం మనకి రాదు కదా. నేను మొదటి రోజు పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. ఆవిడ రెండు చేతులతో అందుకుని, వాసన చూసి ఆహా అని, పక్కన పెట్టింది. బల్ల మీదకి రాలేదు. మన గిన్నెలో వండింది వాళ్ళ లెక్కలో కోషెర్ కాదని, అంటే వాళ్ళ ఆహార నియమాలకి సరిపోదని, ఇంటికొచ్చాక గాని నాకు తెలియలేదు. ఇప్పుడు అరటిపళ్ళు తీసుకెళ్తున్నాను. పండు కోయకుండా ఉంటే చాలు, ఎవరి ఇంటినుంచి వచ్చినా తింటారు.